ఇంజను మూత

ఆ రోజు ఇంట్లో ఉన్నది వెనక గదిలో నాన్న, వంటింట్లో అమ్మ, ముందు గదిలో కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని అత్తయ్య, ఇంటికీ రేవుకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న మామయ్య, అతని వెనక పనిముట్ల డబ్బా మోసుకుంటూ ఆ ఇంటి అమ్మాయి. నానమ్మ మంచం కూడా ఉంది. దాని మీద ఎవరూ కూర్చోవడం లేదు.

నానమ్మ పోయి వారమయింది. గుండెలో నొప్పి అంటే నాన్న ఆమెను తన మోటారు పడవలో అవతలి ఒడ్డు ఆసుపత్రికి తీసుకెళ్ళబోయాడు. నడి నీళ్ళలో వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటింది, బజరు మోగింది. నాన్న ఇంజను ఆపేశాడు. కాలుతున్న ఇంజనును అలాగే నడిపితే లోపల బిగుసుకుపోతుంది, మళ్ళీ కదలదు. అది చల్లారుతుందని ఈలోగా తెడ్డు వేశాడు. ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే నానమ్మ వెళ్ళిపోయింది.

అన్నీ అయిపోయాక అత్తయ్య ఒక్క మాటే అంది. “ఆపకుండా పోయుంటే అమ్మ బతికేదేమో కదా అన్నయ్యా?”

నాన్న లేచి లోపలికి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి వెనక గదిలోంచి రావడం లేదు. ఇంజను నిజంగా వేడెక్కి ఉంటే ఆయన చేసింది సరైన పనే. అది తేల్చడానికే అమ్మ తన తమ్ముణ్ణి పిలిపించింది. మామయ్య పొలాల మోటార్లు బాగుచేస్తాడు.

పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ మొద్దుబారినట్టు, ఆ అమ్మాయికి వారం నుంచి ఒళ్ళంతా అలాగే ఉంది. ఏడుపు రావడం లేదు, ఆకలీ వేయడం లేదు. డబ్బా బరువుగా ఉందని మాత్రం తెలుస్తోంది.

పడవ మధ్యలో చెక్క పెట్టె, దానికో మూత, లోపల ఇంజను. మామయ్య మూత తీసి పక్కన పెట్టాడు.

“ఇది తాగేది ఏటి నీళ్ళే. నీళ్ళు సరిగ్గా తాగితే ఒళ్ళు కాలదు. ఎక్కడ అడ్డుపడిందో చూద్దాం. ఏమే వాగుడుకాయా, వింటున్నావా?”

రోజుకు పది మాటలు కూడా మాట్లాడని పిల్లకు ఆ పేరు అతను పెట్టిందే. ఆమె తలూపింది.

నీళ్ళు లోపలికి వచ్చే జల్లెడ విప్పారు. కాస్త నాచు, ఒక గుల్ల తప్ప ఏమీ లేదు. పంపులోని రబ్బరు చక్రం తీశారు. రెక్కలన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఇక మిగిలింది వేడికి తెరుచుకునే చిన్న ఇత్తడి బిళ్ళ. అది మూసుకుపోతే నీళ్ళు ఇంజనులో తిరగవు. దాన్ని వంటింటికి పట్టుకొచ్చి మరిగే నీళ్ళగిన్నెలో వేశాడు మామయ్య.

“ఉప్పు వెయ్యమంటావట్రా?” అంది అమ్మ, నవ్వకుండా.

“నీ వంటకంటే ఇదే నయంగా ఉడుకుతుందిలే అక్కా.”

గిన్నెలో బిళ్ళ మెల్లగా నోరు తెరిచింది. తెరవాల్సినట్టే తెరిచింది.

“ఏమన్నా తేలిందా?” ముందు గదిలోంచి అత్తయ్య అడిగింది. మామయ్య బిళ్ళను గుడ్డలో చుట్టుకుని రేవుకు నడిచాడు.

అన్నీ బిగించి ఇంజను నడిపారు. పడవ వెనక గొట్టంలోంచి నీళ్ళు పోస్తున్నాయో లేదో చూడమని ఆ అమ్మాయిని పంపాడు మామయ్య.

“పోస్తోందా?”

“ఊఁ.”

“ఊఁ ఏంటే! పిల్లాడు పోసినట్టా, ముసలాడు పోసినట్టా?”

ఆమెకు చెవులు ఎర్రబడ్డాయి. “బాగానే” అంది.

ముల్లు మధ్యలోనే నిలబడింది. ఎంతసేపు నడిపినా కదలలేదు. మామయ్య తల గోక్కున్నాడు. “ఇది గుర్రంలా ఉంది. మరి ఆ రోజు దీనికి ఏ రోగం వచ్చినట్టు?” అంటూ మూత వేసేసి చేతులు కడుక్కోవడానికి పడవ అంచుకు వంగాడు. పొద్దుటినుంచి నిలబడే ఉన్న ఆ అమ్మాయి మూత మీద కూర్చుంది.

బజరు మోగింది.

ముల్లు ఒక్క ఊపున ఎర్ర గీత దాటింది. మామయ్య గబగబా వచ్చాడు. ఆమె లేచింది. బజరు ఆగింది, ముల్లు పడిపోయింది.

“మళ్ళీ కూర్చో.”

కూర్చుంది. మోగింది. లేచింది. ఆగింది.

మూత ఎత్తి చూస్తే, ముల్లుకు వెళ్ళే తీగ ఒకచోట తోలు ఊడి రాగి బయటపడి ఉంది. మూత మీద బరువు పడితే అది ఇంజను ఇనుముకు తగులుతోంది. తగిలితే చాలు, ఇంజను ఎంత చల్లగా ఉన్నా ముల్లు ఎరుపులోకి పోతుంది. మామూలుగా జనం పక్క చెక్కల మీద కూర్చుంటారు. మూత మీద ఎవరూ కూర్చోరు.

నానమ్మను తీసుకెళ్ళిన రోజు రేవులో నిలబడి ఆమె చూసింది. “చలేస్తోందిరా, అక్కడ వెచ్చగా ఉంటుంది” అని నానమ్మే అడిగి మూత మీద పడుకుంది. నాన్న ఎప్పుడూ ముల్లును నమ్మి ఇంజను ఆపడు. మూత ఎత్తి అరచెయ్యి ఆనిస్తాడు. చురుక్కుమంటే ఆపుతాడు, చెయ్యి ఉంచగలిగితే పోనిస్తాడు. ఆ రోజు మూత ఎత్తాలంటే దాని మీద పడుకున్న తన అమ్మను ఎత్తాలి. అందుకే ముల్లునే నమ్మాడు.

మామయ్య ఇంజను కట్టేశాడు.

“పంపు పోయిందని చెబుదాం” అన్నాడు. “మీ అత్తయ్యకీ, బావకీ. నువ్వెలాగూ మాట్లాడవు కదా. ఈ ఒక్కసారీ అదే మంచిది.”

అత్తయ్యకు అతనే చెప్పాడు. పంపు పాడయిందనీ, ఇంకాస్త నడిపి ఉంటే ఇంజను బిగుసుకుని ఇద్దరూ నీళ్ళ మధ్యే ఉండిపోయేవారనీ. అత్తయ్య రెండు చేతులతో ముఖం కప్పుకుంది. చేతులు తీశాక, “అయితే అన్నయ్య తప్పేం లేదు” అంది. “వెళ్ళవే, మీ నాన్నకు అన్నం పట్టుకెళ్ళు. అత్తయ్యే పంపిందని చెప్పు.”

అమ్మ పళ్ళెంలో అన్నం పెట్టి ఇచ్చింది. ఆమె వెనక గది తలుపు తట్టింది. నాన్న తలుపు సగం తీసి నిలబడ్డాడు. గడ్డం పెరిగింది. లోపల దీపం లేదు.

“అత్తయ్య పంపింది” అంది ఆమె. “పంపు పోయిందట నాన్నా.”

“ఎవరన్నారు?”

“మామయ్య.”

“పంపు పోతే వెనక గొట్టంలో నీళ్ళు రావు తల్లీ. ఆ రోజు వచ్చాయి. ఆపేదాకా వస్తూనే ఉన్నాయి.”

ఆమె పళ్ళెంలోకి చూసింది.

“ఇవాళ బజరు మోగడం ఇక్కడికి వినబడింది. మోగినప్పుడు నువ్వక్కడే ఉన్నావా?”

“ఊఁ.”

“ఇంజను మీద చెయ్యి పెట్టి చూశావా?”

మామయ్య మూత ఎత్తినప్పుడు పెట్టింది. ఎవరూ చెప్పకుండానే పెట్టింది, ఆయన పెట్టినట్టే. ఇప్పుడు చెయ్యి కాలిందని అబద్ధం చెప్పాలి. ఒక్క మాట. నోరు దవడ దగ్గర మొద్దుబారి ఉంది, దానితో ఏ మాటైనా అనొచ్చు. ఆయన ఆమె చేతివేళ్ళ వైపు చూస్తున్నాడు.

“చెయ్యి ఉంచగలిగాను నాన్నా” అంది.

ఆయన తలూపాడు. పళ్ళెం అందుకున్నాడు.

“వెళ్ళమ్మా” అని, తలుపు వేసేశాడు.