గాజుకు అంటిన కనురెప్పలు

గెంట్ నుండి బ్రస్సెల్స్ వెళ్లే రైలులో ఆల్డెగొండ ఆ పటాన్ని ఒడిలో వెల్లకిలా పెట్టుకొని, ప్రతి కుదుపుకూ కాలివేళ్లు బిగిస్తూ కూర్చున్నది. బూడిదరంగు కాగితంపై పాస్టెల్ సుద్దలతో ఆమె అన్న బావో చిత్రించిన తల్లి ముఖం అది. శవపేటిక మూయబోయే ముందు చూసి గీసినది. ఆ తల్లి రూపం లోకంలో మరెక్కడా లేదు.

బ్రస్సెల్స్ చిత్రప్రదర్శనకు ఆమెకంటే ముందుగా వెళుతూ బావో ఇంటి గుమ్మంలో హెచ్చరించాడు.

"జిగురునీళ్లు చల్లితే పొడి రాలదుగా అన్నయ్యా?" అని అడిగింది ఆల్డెగొండ.

"చల్లితే ముఖం మీది ఆ నీలం చచ్చిపోతుందే పిచ్చిదానా! అమ్మను ఒకసారి పాతిపెట్టాం, చాలదూ? కుదపకు, తడపకు. అంతే."

ఎదుటి బల్లపై వెన్న అమ్ముకునే ఒక లావుపాటి ఆమె బిస్కట్టు కొరుకుతూ ముందుకు వంగింది.

"అంత పదిలంగా పట్టుకున్నావు, చంటిబిడ్డా ఏంటమ్మా?"

"మా అమ్మండీ."

"అయ్యో, ఎంత చిక్కిపోయిందో!" అని ఆమె నవ్వగానే బిస్కట్టు పొడి పటం గాజుపై రాలింది.

మురికి గాజు గెంట్ ఆడవాళ్లకు కంటిలో నలుసు. ఆల్డెగొండ ఆలోచించకుండానే ఉన్ని చేతితొడుగుతో గబగబా రుద్దింది. బయట పొడి చలి, ఉన్ని రాపిడికి గాజు చిటపటలాడింది. పటం కాస్త వంచి చూసి కొయ్యబారింది. మూసిన కనురెప్పల తెల్లని పొడి కాగితాన్ని వదలి పైకెగిరి, గాజు లోపలి వైపు అతుక్కొని ఉన్నది.

ప్రదర్శనశాలలో పటాలు తీసుకోవడం ముగించి మధ్యాహ్నం పన్నెండుకు తలుపులు మూస్తారు. ఐదు నిమిషాల ముందు బావో పటాన్ని గోడకు తగిలించి, ఎదురుగా నిలబడ్డాడు.

"భేష్! చెక్కుచెదరలేదే!"

తిన్నగా చూస్తే రెప్పలు వాటి చోటనే ఉన్నాయి. ఊరుకుంటే సరిపోతుంది. ఆల్డెగొండ పటం పక్కకు జరిగింది.

"అన్నయ్యా, గాజు తుడిచాను. ఈ పక్కకొచ్చి చూడు."

బావో రెండడుగులు పక్కకు జరిగాడు. గాజుపై రెప్పలు కళ్ల మీది నుంచి తొలగిపోయాయి. వాటి వెనుక బూడిదరంగు కాగితపు గుంటల్లోంచి తల్లి చూస్తున్నది.

"తుడవద్దని నేను చెప్పలేదు కదూ?" అన్నాడతడు.

"విప్పి సరిచేస్తావా?"

"దేన్ని చూసి చెయ్యమంటావే?"

గంట మోగింది. కాపలాదారు పొడిగుడ్డతో పటాల గాజులు తుడుస్తూ గోడల వెంట వస్తున్నాడు. అన్నాచెల్లెళ్లిద్దరూ ఒక్కసారే పటానికి అడ్డంగా నిలబడ్డారు.