పెట్టె టీచర్

తాళం తీసి పెట్టె బోర్లించేసరికి కాగితాలన్నీ బల్లమీద కుప్పగా పడ్డాయి. పెట్టె టీచర్ కళ్ళజోడు సర్దుకుని ఒక్కో మడతా విప్పసాగింది. పిల్లలు పెట్టిన పేరది. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. యాభై రెండేళ్ళ మనిషి. సంచీ మోసి మోసి కుడిభుజం కిందికి ఒరిగిపోయింది. ఒంటిమీద ఎవరు చెయ్యి వెయ్యకూడదో, వేస్తే ఎవరికి చెప్పాలో పదకొండేళ్ళుగా బడి బడికీ తిరిగి పిల్లలకి నేర్పుతోంది.

ఈ బడికి ఆమె వచ్చేది శుక్రవారం. ఆ రోజు ప్రతి పిల్లా పెట్టెలో కాగితం వెయ్యాలి. రాయడానికేం లేకపోతే తెల్లకాగితమే. అందరూ వేస్తే, నిజంగా రాసిందెవరో బయటపడదు. ఆ ఏర్పాటు ఆమెదే. మూడొందల్లో రెండొందల తొంభై తెల్లవి. మిగతావాటిలో పిల్లిబొమ్మలు, లెక్కల మాస్టారి గురకమీద ఫిర్యాదులు. చిత్తుకాగితాలు ఏరుకునే ఉద్యోగమని ఇంట్లో వదిన ఎగతాళి. చేస్తే చెయ్యనీ. తన చిన్నతనంలో ఇలాంటి పెట్టె ఒక్కటుంటే ఎంత బాగుండేదో ఆమె వదినకి చెప్పలేదు. అసలు ఎవరికీ చెప్పలేదు.

ఈ బడిలో ఎవరో మూడు వారాలుగా పెన్సిలు గట్టిగా నొక్కి రాస్తున్నారు. మొదట, "టీచర్, నిజంగా చదువుతారా?" అన్నీ చదువుతానని ఆమె తరగతుల్లో అందరి ముందూ చెప్పింది. తరవాత, "మా ఇంటికొచ్చే ఒకాయన గురించి." అంతే, అక్కడ ఆగిపోయింది. భయపడ్డ పిల్లని చెయ్యిపట్టి లాగితే మళ్ళీ నోరు విప్పదు. ఎప్పుడైనా నా దగ్గరికి రావచ్చని అందరికీ మరోసారి చెప్పి, ఓపికపట్టింది.

ఇవాళ్టి కాగితంలో ఇలా ఉంది: "వచ్చే శుక్రవారం అంతా చెప్తాను. ఒట్టు."

వచ్చే శుక్రవారం ఎక్కడుంది? ఈ పాఠాలూ పెట్టెలూ నడిపే సర్కారు పథకానికి డబ్బు ఆపేశారు. ఇవాళే ఆఖరని పొద్దున్నే ఉత్తర్వు వచ్చింది. అన్నీ తెల్లకాగితాలే వస్తున్నాయి కనక సమస్య లేదని పైవాళ్ళు తేల్చారట. ఏమనాలి వాళ్ళ తెలివిని!

హెడ్మిస్ట్రెస్ గదికి పరిగెత్తినంత పని చేసింది. జీతం వద్దు, ఒక్క శుక్రవారం రానివ్వమని బతిమాలింది. హెడ్మిస్ట్రెస్ చెడ్డమనిషేం కాదు. ఏ పిల్లో చెబితే తనే కూర్చోబెట్టి అడుగుతానంది. తెలిస్తేగా! నోటుపుస్తకాలు తెప్పించి చేతిరాత పోల్చవచ్చు. కానీ రాసిందెవరో వెతకనని పిల్లలకి మాటిచ్చింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"రేపట్నుంచి మీరు బయటివారండీ," అంది హెడ్మిస్ట్రెస్ మెల్లగా. "ఆర్డరు లేనివాళ్ళని పిల్లల దగ్గరికి రానివ్వద్దని గేటుకి బోర్డు కొట్టించింది మీరే కదా. ఇప్పుడు నేనేం చెయ్యను?"

ఆ బోర్డు న్యాయమైనదే. ఆమె సుద్దముక్క తీసుకుని బయటికొచ్చింది.

ప్రతి తరగతికీ వెళ్ళి నల్లబల్లమీద ఫోను నంబరు రాసింది. ఇక తను రాదని చెప్పింది.

"బడి వదిలేదాకా వరండా చివర బెంచీమీదే ఉంటాను. చెప్పాలనుకున్నవాళ్ళు ఇవాళే చెప్పండమ్మా. నేను కోప్పడను."

కూర్చుంది. బెల్లు కొట్టాక పిల్లలు బిలబిలా వెళ్ళిపోయారు. నాలుగో తరగతి పిల్ల ఒకతె మాత్రం ఆగి, రెండడుగులు ఇటు వేసింది. గేటు దగ్గర ఎవరో స్కూటరు హారను కొట్టారు. పిల్ల గిరుక్కున తిరిగి పరిగెత్తింది. ఆ పిల్లో, కాదో.

ఖాళీ పెట్టెని మళ్ళీ గోడకి తగిలించి, తాళం వేసి, తాళంచెవి గుమాస్తాకి అప్పగించింది. మళ్ళీ ఉత్తర్వు వచ్చేదాకా తియ్యకూడదంటూ ఆయన దాన్ని కవర్లో పెట్టి సీలు వేశాడు. ఆమె సంతకం పెట్టి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

తరవాతి శుక్రవారం ఎవరూ వరస కట్టలేదు. గోడకి పెట్టె అలాగే ఉంది, దాని తాళం అలాగే ఉంది, లోపల ఒకే ఒక్క కాగితం ఉంది.