తువ్వాలు కింది ధర

బయ్యప్ప చింతామణి సంతలో ఎద్దుల దళారి. అమ్మేవాడి చేతినీ కొనేవాడి చేతినీ వంతులవారీగా తన తువ్వాలు కిందికి లాగి, వేళ్లు నొక్కి ధర తేల్చేస్తాడు. ఒక వేలు పడితే ఒకటి, అన్ని వేళ్లూ కలిపి పడితే అయిదు. అవి వందలా వేలా అన్నది పశువును చూసి తెలుసుకోవాల్సిందే. పక్కనున్నవాడి చెవిన కూడా పడదు. ఒకే ఈడు దూడలను డబ్బున్న ఆసామికి ఒక రేటుకూ, లేనివాడికి ఇంకో రేటుకూ ఇప్పించి, ఇద్దరి చేతా దండం పెట్టించుకున్న ఘనుడు. ముప్పయ్యేళ్లలో ఏ బేరమూ పెళ్లాం పుట్టమ్మకు కూడా చెప్పలేదు. ఆవిడ అడిగి అడిగి విసిగిపోయి, ఈయన కడుపులో మాట ఈయనతోనే కాటికి పోతుందని ఊరందరితో మురిపెంగా చెప్పుకునేది.

ఆ పుట్టమ్మకు రక్తంలో క్యాన్సరు వచ్చింది. నాలుగేళ్లు రోజుకో మాత్ర మింగుతూనే తమ ఊరు గూళూరులో తన శనక్కాయ చేనుకు తానే కలుపు తీసుకుంది. అది మన దేశంలోనే చేసే మాత్ర, బయ్యప్ప సంపాదనకు అందే మాత్ర. రెండువేల ఎనిమిదిలో అది పనిచేయడం మానేసింది. కొత్త మాత్ర ఉందిగానీ, దాన్ని పరదేశపు కంపెనీ ఒక్కటే చేస్తుందనీ, నెల మందు ధర జత ఎద్దుల ధరను మించుతుందనీ బెంగళూరు డాక్టరు చెప్పాడు. లేనివాళ్లకు తగ్గించి ఇస్తారట. కంపెనీ ఆఫీసుకు వెళ్లి మాట్లాడుకోమన్నాడు.

పుట్టమ్మ బస్సు ఎక్కకముందే షరతు పెట్టింది. కాడెద్దులు అమ్మాల్సివస్తే మాత్ర ముట్టనని. అవి ఆమె చేతి కుడితి తాగి పెరిగినవి. ఆమె అన్నదంటే అన్నదే.

ఆఫీసులో ఉన్నది గార్గి అనే చిక్కబళ్లాపురం పిల్ల. కాగితాలన్నీ చూసి, నెలకు ఎంత పెట్టుకోగలరో చెప్పమంది. ఎంతకు కుదిరినా ఆ ధర బయట చెప్పకూడదని కూడా అంది. ఎందుకమ్మా దాపరికం అని బయ్యప్ప అడిగాడు.

"అమెరికాలో ఇదే మాత్రకు ఎన్నో రెట్లు పెడతాండారప్పా. ఇక్కడి ధర తెలిస్తే వాళ్లూ ఇంతకే ఇమ్మంటారు. అప్పుడు ఇంకో కొత్త మందు వెతికేదానికి దుడ్డు యాడిది? పాత మాత్రనూ మొదట కనుక్కున్నది మా కంపెనీనే, దానికి అమెరికావాళ్లు పెట్టిన దుడ్డులో కొంత పోసే అమ్మకు ఇచ్చే ఈ మాత్రను మావాళ్లు కనుక్కున్నారు. అంతా దానికే పోతాదని నేను చెప్పను. లాభమూ ఉండాది."

బయ్యప్ప మొహం విప్పారింది. ఇన్నాళ్లూ తాను సంతలో చేసిందే వీళ్లు ప్రపంచమంతా చేస్తున్నారు! అయితే ధర పైకి అంటే పక్కనే కూర్చున్న పుట్టమ్మ వింటుంది, విని ఎద్దులు అమ్మాలనే కదా అని మాత్రే వద్దంటుంది. ఇంకేమీ ఆలోచించకుండా భుజం మీది తువ్వాలు తీసి ఆ పిల్ల చేతి మీద కప్పి, వేళ్లు పట్టుకున్నాడు.

పక్క బల్ల మనిషి లేచి నిలబడ్డాడు. గార్గి ముందు బిత్తరపోయింది, తర్వాత నవ్వింది. తాత వెంట సంతకు పోయిన పిల్ల, చెయ్యి లాక్కోలేదు. బయ్యప్ప మూడు వేళ్లు నొక్కాడు. నెలకు మూడు వేలంటే ఎద్దులు పోవాల్సిందే, అయినా అంతకు తక్కువకు వీళ్లు దిగరని అతని లెక్క. ఆమె కాగితం వంకా పుట్టమ్మ వంకా చూసి, ఒక వేలు మడిచేసింది.

అమ్మేవైపు మనిషి తనంతట తాను తగ్గడం బయ్యప్ప ఎన్నడూ ఎరగడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

తిరుగు బస్సు చిక్కబళ్లాపురం దాటాక పుట్టమ్మ మెల్లగా తన చెయ్యి అతని తువ్వాలు కిందికి పోనిచ్చింది.

"ఎద్దులు యాడికీ పోవులే," అన్నాడు బయ్యప్ప.

"నేను ధర అడగల్యా. ఈ మాత్రతో ఇంకా ఎన్నేండ్లుంటానో చెప్పు."

ఆ తువ్వాలు కింద అతను ఎన్నడూ అబద్ధం నొక్కలేదు. డాక్టరేమో ఇన్నేళ్లని చెప్పనేలేదు. బయ్యప్ప ఆమె వేళ్లన్నీ కలిపి పట్టుకున్నాడు.

"అయిదా, యాభయ్యా?" అంది పుట్టమ్మ.

బాగేపల్లిలో బస్సు దిగేదాకా అతను ఆ చెయ్యి వదల్లేదు.