లెక్కలో లేని తాడు

మార్కాపురమున వెలసిన చెన్నకేశవా! అడవినీ ఊరినీ ఒక్క చూపుతో కాచే స్వామీ! మా అహంకారమును అణచి, ఈ కథకు మాటనిమ్ము.

శివనాగరాజు మార్కాపురంలో పంటి వైద్యుడు. బాగుచేసిన పంటి రూపాన్ని కంప్యూటరులో సన్నని గడులుగా విడదీసి, నమిలేటప్పుడు ఏ గడి మీద ఎంత ఒత్తిడి పడుతుందో లెక్కగట్టేవాడు. నీలం నిండితే క్షేమం, ఎరుపు కనబడితే గండం. ఆ విద్య చుట్టుపక్కల మరెవరికీ రాదన్న గర్వం ఆయనకు లోలోపల ఉండేది.

దోర్నాల అవతలి గూడెం నుంచి తేనె తీసే పుల్లన్న వచ్చి, కోరపన్ను పక్కదానికి రూట్ కెనాల్ చేయించుకొని సిమెంటు నింపించుకొన్నాడు. కుర్చీ దిగుతూ అడిగాడు.

"కొండ దిగేటప్పుడు చేతులు ఖాళీ ఉండవు సామీ. తేనెతట్ట తాడు ఈ పంటితోనే పడతా. పట్టుకోవచ్చునా?"

శివనాగరాజు ఆ మాట చెవిన బెట్టలేదు. తెర మీది నీలాన్ని చూపి, "ఇంకేంది పుల్లన్నా, బండైనా కొరుకు పో!" అని నవ్వాడు.

నెల తిరక్కముందే పుల్లన్న నోటికి తువ్వాలు అడ్డంపెట్టుకొని మళ్లీ వచ్చాడు. వెంట బామ్మర్ది మల్లయ్య. పన్ను నిలువునా చీలింది.

"కొండకు వేలాడతా ఉంటే ఫట్టుమనింది సామీ. తట్ట లోయలో పడిపోయినాది. మల్లన్న దేవునికి పెట్టాల్సిన తొలి తేనె!" పుల్లన్న తల ఎత్తలేదు. "మీ పని మంచిదే. నా నోరే చెడ్డది."

"నోరు కాదు, నడత చెడ్డది," అన్నాడు మల్లయ్య. "తేనెకు పోయేవాడి నియమం తప్పి కొండెక్కినాడు. లేకుంటే డాక్టరు బండైనా కొరకమన్న పన్ను ఎట్ల ఇరుగుతాది? నేనింక తాడు పట్టను."

తేనెకు దిగేవాడి తాడు బామ్మర్దే పట్టాలన్నది ఆ గూడెం కట్టడి. మల్లయ్య చేయి వదిలితే పుల్లన్నకు కొండా లేదు, కులంలో పరువూ లేదు.

శివనాగరాజు కంప్యూటరు తెరిచాడు. అప్పుడు తాను లెక్కలో వేసినది పైనుంచి పడే నమిలే బరువు ఒక్కటే. ఇప్పుడు పక్కకు లాగే తాడు బరువు వేశాడు. పంటి మెడ చుట్టూ ఎరుపు కమ్ముకొంది. 'లోపల పగులు ముందే ఉంది' అంటే వీళ్లు నమ్ముతారు గదా అనిపించింది. అట్లా అనిపించినందుకే ఆయన చెవులు కాలిపోయాయి.

తెరను మల్లయ్య వైపు తిప్పాడు. "మీ బావ ఏ నియమమూ తప్పలేదు మల్లయ్యా. తాడు సంగతి ఆయన అడిగినాడు. నేనే వినకుండా బండ కొరకమన్నాను. తప్పు నాది."

బయట బల్లల మీద వరుసకు కూర్చున్న రోగులు తలుపు వైపు తిరిగారు. మల్లయ్య ఆ ఎరుపు మీద వేలు పెట్టాడు.

"అంటే మా బావ చచ్చింటే?"

వైద్యుడు పుల్లన్న వైపు తిరిగి చేతులు జోడించాడు.

"బావా, నిన్ను ఊరికే తిట్టినా," అన్నాడు మల్లయ్య గొంతు తగ్గించి. "రేపటినుంచి తాడు నేనే పడతాలే."

పుల్లన్న తువ్వాలు తీశాడు. "ఆ మాట మీ అక్కకు చెప్పురా. నియమం తప్పినానని ఆమె ఇంకా తిడతానే ఉంది." తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, నమ్మకంగా నోరు తెరిచాడు. "పీకు సామీ."

ఆ నమ్మకాన్ని చూడలేక శివనాగరాజు కళ్లు దించుకొన్నాడు.

ఈ కథ విన్నవారికి వినయమూ, చెప్పుకొన్నవారికి సత్యమూ, అందరికీ ఆరోగ్యమూ ఆ కేశవుడు ప్రసాదించుగాక!