తూర్పున గట్టి బొగ్గే

మంథని దాటాక గోదావరి దగ్గరున్న ఆ బొగ్గుగనికి కంప్యూటర్ నక్ష వచ్చిన కొత్తలో సర్వే ఆఫీసులో సంబరం అంతా ఇంతా కాదు. అది పంతొమ్మిది వందల తొంభై మూడు. చెదలు తినగా మిగిలిన, గుడ్డ మీద గీసిన పాత గని పటాల పీడ విరగడైందని పెద్ద సర్వేయర్ జలపతిరావు కనిపించిన వాడికల్లా మిఠాయి పెట్టాడు. నక్ష తయారు చేసింది ప్రమోదిని. కరీంనగర్ అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండలేదు.

గని కొలతలను లెక్కగట్టే పాత ప్రోగ్రాం ఫోర్‌ట్రాన్‌లో ఉండేది. లెక్కలో దానికి తిరుగులేదు గానీ బొమ్మ గీయడం దాని తరం కాదు. అందుకని ప్రమోదిని బొమ్మ గీసే ప్రోగ్రాంను సి అనే వేరే కంప్యూటర్ భాషలో రాసి, పాతదాని అంకెల పట్టికను దీనికి అందించింది. సరిచూడటానికి గనిలో ఒక చదరపు భాగాన్ని గీయించింది. అక్కడ బొగ్గును నలుచదరం దిమ్మెలుగా వదిలి మధ్యలో దారులు తవ్వుతారు. దిమ్మెలన్నీ ఒక్క తీరే, దారులన్నీ ఒక్క తీరే. బొమ్మ ముద్దుగా వచ్చింది. ఇంకేం కావాలి? జలపతిరావు సంతకం పెట్టి గనిలోకి పంపేశాడు.

ఆ నక్ష ప్రకారం నీళ్లు నిండిన పాత తవ్వకాలు ఆ భాగానికి ఉత్తరపు అంచున ఉన్నాయి, తూర్పున గట్టి బొగ్గు. తవ్వకం మేస్త్రీ రాయమల్లు జట్టు తూర్పుకు తవ్వుతోంది. పాత నీళ్లు దగ్గరుంటే ముందు సన్నని బెజ్జం వేసి చూసుకున్నాకే తవ్వడం గని ఆచారం. నీళ్లే లేని వైపు బెజ్జమెందుకని ఈసారి మానేశారు.

ఆ పొద్దున ప్రమోదిని రెండో భాగం గీయించింది. తూర్పు పడమరలుగా సాగే పొడుగాటి దారి అది. కాగితం మీద నక్ష గీసే ప్లాటర్ యంత్రం కలం దాన్ని తీసుకుపోయి ఉత్తరంగా నిలబెట్టింది.

"ఓయమ్మ, దారి గోదారిలకు పోతున్నదేంది!" అని ఆమె నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఫోర్‌ట్రాన్ పట్టికను నిలువు వరుసలుగా పేరుస్తుంది. సి దాన్నే అడ్డు వరుసలుగా చదువుకుంటుంది. అంకె ఒక్కటీ పోదు, చోట్లు మాత్రం తారుమారవుతాయి. తూర్పు ఉత్తరమైపోతుంది, ఉత్తరం తూర్పవుతుంది. నలుచదరం దిమ్మెలు ఎటు తిప్పినా ఒకటే కనుక మొదటి నక్షలో ఆ సంగతి కంటపడలేదు. మరి నీళ్లు? నీళ్లు ఉన్నది తూర్పునే.

ప్రమోదిని పరుగెత్తి జలపతిరావుకు చెప్పింది. ఆయన ముఖం మాడ్చుకున్నాడు.

"జర నిమ్మలంగ మాట్లాడమ్మా. నేను దస్తకత్ పెట్టిన నక్ష తప్పంటవా? పని ఆపితే పైనోళ్లకు ఏం జెప్పాలె? ముందుగాల ఇంకోపారి చూసుకో."

"లోపల మనుషులున్నరు సార్!"

పెద్దమనిషికి పరువు ముందు, మిగతావన్నీ తర్వాత. గనిలోకి పోయే ఫోన్ మీద చేయి వేసుకుని కూర్చున్నాడు. ప్రమోదినికి ఒళ్లు మండింది. ఆ చేతిని తోసేసి ఫోన్ మర తిప్పింది. చాలాసేపు మోగాక రాయమల్లే ఎత్తాడు.

"రాయమల్లన్నా, నేను ప్రమోదినిని. అందర్ని తీస్కొని పైకి రా! ఇప్పుడే!"

యంత్రాల రొదలో ఆ మాట అతనికి అందలేదు.

"నువ్వేనా అమ్మా? మంచిగైంది ఫోన్ జేసినవు. పొద్దుగాల్నుంచి గోడకు చెమట వడుతున్నది. పోరగాండ్లు పరేషానై పని బందువెట్టిండ్రు. నేనే సముదాయించిన. మన ప్రమోదినమ్మ నక్షల తూర్పుకు నీళ్లు లెవ్వు, ఫికర్ జెయ్యకుండ్రి అన్న. మల్ల తవ్వుతుండ్రు."

"తప్పు గీసిన అన్నా! నీళ్లు అటే ఉన్నయ్! ఉరుకుండ్రి!"

"ఆఁ? ఇనస్తలేదమ్మా, జర గట్టిగ..."

అతని వెనక ఎవరో కేక వేశారు. ఆ వెంటనే పెద్ద హోరు వచ్చింది, తర్వాత అదీ ఆగిపోయింది. జలపతిరావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ప్రమోదిని మాత్రం ఆ ఫోన్‌లోకి ఉరుకుండ్రి, ఉరుకుండ్రి అని ఇంకా అరుస్తూనే ఉంది.