పిలిచిన అతిథులు

ఖయూన్ పడవ నిండా పొడవాటి రెల్లు తెచ్చి ఒడ్డున దించాడు. ఎండిపోయిన చిత్తడికి నీళ్లు మళ్లీ వచ్చాక ఊరు కట్టుకుంటున్న మొదటి అతిథిశాల కోసం ఆ రెల్లు. మడుగులు తవ్వడానికి, రెల్లు నాటడానికి సాయపడిన నాసిరియా పట్నం పెద్దలు శుక్రవారం వస్తున్నారు. వాళ్లకు నీడ లేని చోట కాఫీ పోస్తే ఊరి పరువేం కాను?

పిట్టలు గూళ్లు పెట్టే ఈ రోజుల్లో కాదు, రెల్లును చలికాలంలోనే కోయాలని ఖయూన్‌కు తెలుసు. కానీ కట్టలు కట్టి వంచి శాలకు నిలబెట్టే కమానులకు సరిపడే ఎత్తు పడమటి మడుగులో తప్ప ఎక్కడా లేదు.

"ఏం సాలెం తండ్రీ, పెళ్లికొడుకులా పాడుకుంటూ వెళ్లి చావింటి నుంచి వచ్చినట్టు వచ్చావే?" అంది భార్య ఫిద్దా, కొడుకు పేరుతో పిలుస్తూ.

అతను పడవను ఒడ్డుకు కట్టేశాడు. పొద్దున ఆ మడుగులో, మూడు రెల్లు కాడలను కలిపి పిట్ట అల్లిన గూడు కొడవలి వేటుకు నీళ్లలో పడింది. ఈకలు రాని పిల్లలు అతను చెయ్యి చాచేలోపే మునిగిపోయాయి. గోధుమరంగు తల్లిపిట్ట ఒడ్డుదాకా పడవ మీదే తిరిగింది. ఆ పూట నమాజులో తల వంచినా దాని అరుపే చెవుల్లో ఉంది.

శుక్రవారం కొత్త కమానుల కింద కాఫీ తిరిగింది. చిత్తడివాళ్ల మర్యాదే మర్యాద అని పెద్దలు మెచ్చుకున్నారు. పడమటి మడుగులో మిగిలిన రెల్లు కూడా రేపే కోసి శాలను ఇంకా పెంచుదామని ఎవరో అన్నారు. అందరూ సరేనన్నారు.

ఖయూన్ కాఫీ తాగకుండా గిన్నెను చాప మీద పెట్టాడు. ఏదైనా కోరిక ఉన్నవాడు అక్కడి ఆచారం ప్రకారం చేసే పని అది. తీరుస్తానని ఇంటిపెద్ద మాటిచ్చేదాకా తాగడు.

"ఏం కావాలి నీకు?" అన్నాడు శాలకు పెద్ద, వృద్ధుడైన సయ్యద్ సర్హాన్.

"నాకేం వద్దు సయ్యద్. రేపు ఆ మడుగులో కొడవలి పెట్టొద్దు." జరిగింది తల ఎత్తకుండా చెప్పాడు.

"పిట్ట కోసమా కాఫీ చల్లారబెట్టావు?" అని ఒకడు నవ్వాడు. తోడుగా ఇంకెవరూ నవ్వలేదు.

సయ్యద్ తలెత్తి పైనున్న కమాను వైపు చూశాడు. "గడప దాటి లోపలికి వచ్చినవాడు శత్రువైనా మూడు రోజులు మన కాపుదలలో ఉంటాడంటాం. నీళ్లు పెట్టి, రెల్లు నాటి ఆ పిట్టల్ని రమ్మన్నది మనమే. వచ్చాక వాటి ఇల్లు కూల్చి మన అతిథులకు ఇల్లు కట్టాం. ఈ తప్పు నీ ఒక్కడిది కాదు నాయనా, ఈ నీడలో కూర్చున్న అందరిదీ. చలికాలందాకా ఆ మడుగు జోలికి ఎవరూ పోరు. ఇక తాగు."

ఖయూన్ తాగాడు. కాఫీ చల్లారిపోయి ఉంది. రమ్మని పిలిచాక, వచ్చినవాళ్లకు చోటు వదలడం కూడా మన పనేనని, ఆ చేదు గొంతు దిగుతుంటే అతనికి అర్థమైంది.