లేసు మామ్మకి జోహార్లు

అత్తగారి కాళ్ళ బొటనవేళ్ళు రెండూ కలిపి సూర్యకళ ఇంకా ముడి వెయ్యనేలేదు, వీధి మొదట్లో ఏదో కడుతున్న చప్పుడు వినిపించింది. కిటికీలోంచి తొంగి చూసింది. ఇద్దరు మనుషులు కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ బిగిస్తున్నారు. అందులో అత్తగారు తలుపులమ్మ బొమ్మ అరచేయంత ఉంటే, పక్కన చేతులు జోడించి నిలబడ్డ సేవాసమితి గణేష్‌బాబు బొమ్మ నిలువెత్తు ఉంది. 'మా అమ్మ లేసు మామ్మకి అశ్రునివాళి' అని రాసి ఉంది.

ప్రాణం పోయింది అన్నాల వేళకి. ఇంకా ఎండైనా వాలలేదు. నరసాపురంలో షాపువాడు ఎంత ఆదరాబాదరాగా కొట్టినా ఫ్లెక్సీ ఇంతలో తయారవదు. మనిషి ఊపిరాడక కొట్టుకుంటూండగానే ఆర్డరిచ్చి ఉంటారు. ఆ సంగతి తట్టగానే సూర్యకళ కిటికీ రెక్క మూసేసింది. వచ్చి, ఆగిపోయిన ముడి బిగించింది.

తలుపులమ్మది మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఒక పల్లె. మొగుడు వేటకెళ్ళి తిరిగి రాకపోతే, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి ఒక్కగానొక్క కొడుకు హరిబాబుని పెంచింది. మోకాళ్ళు మొరాయించాక తట్ట దించి లేసు సూది పట్టుకుంది. ఎనభై దాటినా అరుగు మీద కూర్చుని దారం ఉండ ఒళ్ళో పెట్టుకుందంటే వీధంతా వచ్చి చుట్టూ చేరాల్సిందే. చేతులు లేసువే గానీ నోరు మాత్రం చచ్చేదాకా చేపల బజారుదే.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ వేసవిలో పక్క వీధి ఆటో అప్పాజీ ఊపిరందక ఆసుపత్రి మెట్ల మీదే పోయాడు. ఆ కబురు విన్న రోజు తలుపులమ్మ సూది పక్కన పెట్టేసింది.

"గాలి కూడా కొనుక్కోవాలంటనే అమ్మాయ్?" అని అడిగింది కోడల్ని.

"గాలి కాదు అత్తయ్యా, ఆక్సిజన్ మిషను. అదుంటే అప్పాజీ బతికేవాడంట."

"అయితే కొందాం."

"మనమా?"

"మనం కాపోతే ఎవరు? నేనెక్కితే ఏనాడూ డబ్బులు పుచ్చుకోలేదు సచ్చినోడు. ఇప్పుడు ఎవరికి తీర్చుకోను?"

మర్నాడు, తనతో కలిసి లేసు అల్లే పక్క వీధి రామతులసి కూతురు లావణ్య ఫోనులో వీడియో తీస్తూ ఎదురుగా నిలబడితే, తలుపులమ్మ ఒక లేసు గుడ్డ ఎత్తి చూపించి మాట్లాడింది. "ఇది బల్ల మీద పరుచుకునేదండి. నేనే అల్లాను. కావలసినోళ్ళు కొనుక్కోండి. ఎంతిచ్చినా పర్లేదండి, ఆ డబ్బులు గాలి మిషనుకే. నేను ముసల్దాన్ని, అబద్ధం చెప్పడానిక్కూడా ఓపిక లేదండి."

ఆ చివరి మాటకే జనం పడిపోయారు. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి, ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు. వీధిలో ఆడవాళ్ళందరూ ఇంటిపని ముగించుకుని ఆవిడ కోసం అల్లారు. మొదటి మిషను వచ్చింది, రెండోది వచ్చింది. పేపర్లో 'లేసు మామ్మ' అని వేశారు. సరిగ్గా అప్పుడే గణేష్‌బాబు కారు వచ్చి ఆ ఇరుకు వీధిలో ఆగింది.

గణేష్‌బాబు రొయ్యల వ్యాపారంలో పైకొచ్చినవాడు. ఒక సేవాసమితి పెట్టుకుని దానికి తనే అధ్యక్షుడయ్యాడు. హరిబాబు కాపలా కాసే చెరువులూ ఆయనవే. "ఇంత పెద్ద వ్యవహారం ఆడవాళ్ళ చేతుల్లో ఎందుకండీ, సమితి చూసుకుంటుంది" అన్నాడు. హరిబాబు తలాడించాడు. అప్పటిదాకా వచ్చిన మిషన్లూ, ఆ తర్వాత వచ్చినవీ అన్నీ సమితికే వెళ్ళాయి. ఒక్కోదాని మీదా గణేష్‌బాబు మొహం స్టిక్కరై మెరిసింది. తలుపులమ్మ పట్టించుకోలేదు. "ఆడి మొహం చూస్తే రోగం తిరగబెట్టదు కదా, పోనీలే" అనేసింది.

తర్వాత సన్మానం. ఊళ్ళల్లో జనం పిట్టల్లా రాలుతుంటే కల్యాణ మండపం నిండా మనుషుల్ని పోగేశారు. "మాస్కు తియ్యండి మామ్మగారూ, ఫొటోలో మొహం పడొద్దా?" అని గణేష్‌బాబే తన చేత్తో లాగి తీశాడు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వచ్చి శాలువా కప్పడం, చెవి దగ్గర మొహం పెట్టి పళ్ళికిలించడం. వరసలో ఎవరో దగ్గుతూనే ఉన్నారు. సూర్యకళ కింద నిలబడి 'ఇక చాలండీ' అని సైగ చేస్తే ఎవరూ చూడలేదు. ఇంటికొచ్చాక ముసలావిడ, "చేపని గోనెలో చుట్టినట్టు చుట్టేశారే అమ్మాయ్" అని నవ్వి, మంచినీళ్ళడిగి పడుకుంది.

ఆ వారంలోనే జ్వరం వచ్చింది. ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు. కరోనా ఉందని ఫోనుకి మెసేజి వచ్చింది. "ఎవరికీ చెప్పకు, ఇల్లు వెలేస్తారు" అన్నాడు హరిబాబు. ఏ ఆసుపత్రికి చేసినా పడక లేదన్నారు. వేలికి పెట్టిన మిషనులో అంకె దిగిపోతుంటే సూర్యకళ గణేష్‌బాబుకి ఫోన్ చేసింది.

"అయ్యో, అన్నీ పేషెంట్ల దగ్గరే ఉన్నాయమ్మా. ఒక్కటి ఖాళీ అయినా మొదట మామ్మగారికే" అన్నాడు.

ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. పొద్దున్నే హరిబాబు స్వయంగా వెళ్ళి సమితి ఆఫీసులో కూర్చున్నాడు. ఇక్కడ సూర్యకళ అత్తగారిని తన గుండెకి ఆనించుకుని కూర్చోబెట్టింది. ఆవిడ నోరు తెరిచి, ఒడ్డున పడ్డ చేపలాగే గాలి కోసం ఎగబీల్చింది. బతుకంతా చేపల్ని అలా చూసిన మనిషి. ఒక దశలో కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత ఆ పట్టు సడలింది. హరిబాబు వట్టి చేతులతో గుమ్మంలోకి వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఇప్పుడు వాకిట్లో షామియానా లేస్తోంది. గణేష్‌బాబు తెల్లచొక్కా, తెల్లప్యాంటుతో దిగాడు. లోపలికి రాకుండా గుమ్మం బయటే నిలబడి, "డాక్టరుగారితో మాట్లాడానమ్మా. గుండె ఆగిపోయిందని అనుకుందాం" అన్నాడు.

"ఆవిడకి కరోనా అండి. మీకు ఫోన్లో చెప్పాను కదండీ" అంది సూర్యకళ.

"ఆ మాట ఇంకోసారి అనకండి. అంటే పంచాయతీవాళ్ళొచ్చి సంచిలో కట్టి పట్టుకుపోతారు. అంత గొప్ప మనిషిని అలా పంపిస్తామా? ఊరేగింపుగా తీసుకెళ్దాం. మూడు మండలాల జనం బయల్దేరారు."

"జనానికి అంటుకుంటే?"

"మామ్మ దీవెనుంటే ఎవరికీ ఏమీ కాదమ్మా."

హరిబాబు భార్య మోచెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు. "ఆయన మన మంచికే చెప్తున్నారు. పెద్దోళ్ళతో మనకెందుకు?"

ఏడ్చి ఏడ్చి సూర్యకళకి వాదించే శక్తి లేదు. శవాన్ని బయటికి తెచ్చి బల్ల మీద పెట్టారు.

జనం వచ్చారు. వస్తూనే ఉన్నారు. ముక్కు కిందకి జారిన మాస్కులు, గడ్డాలకి వేలాడే మాస్కులు, అసలు లేనివాళ్ళు. పూలదండలు పడుతున్నాయి, వాటి మీద మళ్ళీ దండలు. ఇద్దరు మొగవాళ్ళు శవానికి చెరోపక్కా వంగి ఫోను పైకెత్తి ఫొటో దిగారు. బాగా రాలేదని ఇంకోసారి దిగారు. భీమవరం నుంచి వచ్చిన ఒకావిడ నల్ల కళ్ళద్దాలు నెత్తి మీదకి తోసుకుని, "ఫ్రెండ్స్, మన మామ్మ ఇక లేరు" అని ఫోనుతో చెప్తూ ఏడ్చింది. ఏడుపు మధ్యలో ఆపి, "వెనక మొహాలు అడ్డమొస్తున్నాయి, జరగండమ్మా" అని గసిరి మళ్ళీ అక్కడి నుంచే అందుకుంది. ఆవిడెప్పుడూ తలుపులమ్మని చూసింది లేదు. మైకువాడు 'జోహార్ లేసు మామ్మకి' అంటే జనం 'జోహార్' అన్నారు. మామ్మ పేరు ఒకసారి వస్తే గణేష్‌బాబు పేరు నాలుగుసార్లు వచ్చింది.

సూర్యకళ గోడకి జేరబడి చూస్తోంది. ఆ పూల వాసన, చెమట వాసన, అగరొత్తుల వాసన అన్నీ కలిసి మీదికొస్తుంటే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

ఊరేగింపు వ్యాను వచ్చింది. చుట్టూ బంతిపూలు కట్టారు. శవం పెట్టే చోటుకి తలవైపున ఎర్రగుడ్డ కప్పిన బల్ల, దాని మీద ఆక్సిజన్ మిషను. దానికీ ఒక దండ వేశారు. 'అమ్మ మనకిచ్చిన ఊపిరి' అని అట్ట ముక్క తగిలించారు. మిషనుకి చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు. ఎండకి తళతళలాడుతోంది.

సూర్యకళ దాన్ని చూసింది. మొగుడి వైపు తిరిగింది.

"అదెక్కడిదండీ?"

హరిబాబు అటు తిరిగి షామియానా తాడు ముడి సవరించాడు.

"మిమ్మల్నే. అన్నీ పేషెంట్ల దగ్గరున్నాయన్నారు కదా. కొత్తది, కవరైనా విప్పనిది, ఎక్కడి నుంచొచ్చింది?"

"ఆఫీసులోనే ఉంది" అన్నాడు హరిబాబు. "గణేష్‌బాబుగారి మామగారికి అవసరమొస్తుందేమోనని ఉంచారంట. నేను కూర్చున్న బెంచీ పక్కనే ఉంది. అడిగాను. కాసేపాగమన్నారు. గట్టిగా అడిగితే చెరువు పని పోతుందని..."

ఇరవయ్యేళ్ళు కాపురం చేసిన ఆ మొహాన్ని సూర్యకళ ఏ మురిక్కాలవలోనో తేలిన వస్తువుని చూసినట్టు చూసింది. తిట్టలేదు. తిట్టినా అతన్ని తాకినట్టే ఉంటుందనిపించింది.

తిన్నగా బల్ల దగ్గరికి నడిచింది. నల్ల కళ్ళద్దాల ఆవిడ అప్పుడే వంగి శవం నుదుటి మీద పెదాలు ఆనించబోతోంది.

"ఆగండి" అంది సూర్యకళ. "ఆవిడ పోయింది కరోనాతో. మెసేజి నా ఫోన్లో ఉంది, చూస్తారా?"

గట్టిగా కూడా అనలేదు. కళ్ళద్దాల ఆవిడ చటుక్కున వెనక్కి గెంతి, పమిటతో మూతి తుడుచుకుంది. "కరోనా అంట" అంది. ఆ మాట వరస వెంట పాకింది. అంత జనం, వీధికి రెండు పక్కలా కిక్కిరిసిన జనం, గట్టు తెగిన చెరువు నీళ్ళలా కదిలిపోయారు. చెప్పులు వదిలేశారు, చేతిలో దండలు అక్కడే పారేశారు. 'జోహార్' అన్నవాళ్ళే "ముందే చెప్పొద్దా, ముండలు, అందర్నీ చంపడానికా" అని తిట్టుకుంటూ పరిగెత్తారు. మైకువాడు మైకు ఆపడం కూడా మర్చిపోయాడు. అది కీచుమని అరుస్తూ ఉండిపోయింది. గణేష్‌బాబు జేబులోంచి మాస్కు తీశాడు. ఒకటి కాదు, రెండు. ఒకదాని మీద ఒకటి తగిలించుకుని కారెక్కి అద్దాలెత్తించాడు.

వీధి ఖాళీ అయింది. రామతులసి, లేసు అల్లే ఆడవాళ్ళు ఇంకో నలుగురు మిగిలారు. వాళ్ళు మొహాలకి గుడ్డలు కట్టుకుని మొదట్నుంచీ దూరంగానే నిలబడ్డారు. వాళ్ళకి ముందే తెలుసు. రోజూ గుమ్మం దాకా గంజి తెచ్చి పెట్టి వెళ్ళింది వాళ్ళే.

"వదినా" అంది సూర్యకళ, "బుల్లబ్బాయి అన్నయ్యకి ఎలా ఉంది?"

రామతులసి కళ్ళు నిండాయి. ఆమె మొగుడు బుల్లబ్బాయి రెండ్రోజులుగా జ్వరంతో ఎగశ్వాసగా ఉన్నాడు. "ఏం చెప్పనమ్మా. పడుకోలేకపోతున్నాడు."

"రా, పట్టు."

ఇద్దరూ వ్యానెక్కారు. మిషను మీద దండ పీకి అవతల పారేశారు. డ్రైవరు, "అమ్మా, అది సమితిదండి, నన్నంటారు" అన్నాడు.

"మా అత్తయ్య లేసుదని చెప్పు" అంది సూర్యకళ.

మిషను దించి, చెరోపక్కా పట్టుకుని పక్క వీధికి మోసుకెళ్ళారు. కవరు చింపి ప్లగ్గు పెట్టారు. గణేష్‌బాబు స్టిక్కరు దాని మీద అలాగే నవ్వుతోంది. పీకడానికి ఎవరికీ తీరిక లేదు. లావణ్య గొట్టం తండ్రి ముక్కుకి తగిలించింది. చాలాసేపటికి బుల్లబ్బాయి భుజాలు కాస్త కిందికి దిగాయి.

సాయంత్రం పంచాయతీ మనుషులు తెల్లటి తొడుగులు వేసుకుని వచ్చారు. తలుపులమ్మని సంచిలో కట్టే తీసుకెళ్ళారు. తలకొరివి హరిబాబే పెట్టాడు. సూర్యకళ ఆ చేతుల వైపు చూడలేక పొగ వైపు చూసింది.

తర్వాత రోజుల్లో టీవీల్లో వచ్చిందంతా జనం పరిగెత్తక ముందుదే. పూలు, కన్నీళ్ళు, జనసంద్రం. పరుగు ఎవరూ చూపించలేదు. ఆ జనంలో ఎంతమందికి జ్వరాలొచ్చాయో ఎవరూ అడగలేదు. మైకువాడు పోయాడని మాత్రం తెలిసింది. అతని ఇంటి ముందు ఫ్లెక్సీ లేదు, పలకరించినవాడు లేడు. బుల్లబ్బాయి బతికాడు. కాలవగట్టు ఎక్కితే ఇప్పటికీ ఆయాసపడతాడు గానీ బతికాడు.

ఏడాది తిరిగేసరికి గణేష్‌బాబు సెంటర్లో తలుపులమ్మ విగ్రహం పెట్టించాడు. పిలవడానికి తనే వచ్చి, కుర్చీలో కూర్చుని, "మీరు స్టేజి మీద ఉండాలమ్మా" అన్నాడు.

"ఆవిడ పోతున్నప్పుడు మీరు ఫోనెత్తలేదు" అంది సూర్యకళ.

"పాతవి తవ్వుకుంటే ఏమొస్తుందమ్మా?" అని నవ్వాడాయన. నొచ్చుకోలేదు, సిగ్గుపడలేదు. కాఫీ బాగుందని చెప్పి మరీ వెళ్ళాడు. ఆ కాఫీ ఇచ్చింది హరిబాబు.

ఆవిష్కరణ రోజు హరిబాబు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. "నువ్వు రావా?"

"మీరెళ్ళండి. బాగా ఏడవండి. కెమెరాలుంటాయి."

అతను వెళ్ళాడు. చీకటిపడే వేళకి తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం పెట్టమని కూర్చున్నాడు. సూర్యకళ పెట్టింది. కూర వేసింది, మజ్జిగ పక్కన పెట్టింది. తర్వాత తన కంచంలో వడ్డించుకుని, దాని మీద మూత పెట్టి, రామతులసి ఇంట్లో కూర్చుని తినడానికి వీధిలోకి నడిచింది.